పాట అయ్యాక వచ్చే ఫైట్

ఇంటర్వెల్ పడి లైట్లు వెలిగాయో లేదో, ఆమె సీట్లోంచి సగం లేచి వెనక్కి తిరిగి హాలంతా కలయజూసింది. ఎవరన్నా చూస్తే తెలిసినవాళ్ళ కోసం వెతుకుతోంది అనుకుంటారు. తెలిసినవాళ్ళే కాదు, అసలు మనుషులే ఉండకూడదని ఆమె కోరిక. ముందు వరసలు ఖాళీ, మధ్యలో ఒక మొగుడూ పెళ్ళాం, గోడవైపు నిద్రపోతున్న పెద్దాయన ఒకాయన, ఇంతవరకూ బాగానే ఉంది, కానీ చిట్టచివరి వరసలో కాళ్ళు ముందు సీట్ల మీద పెట్టుకుని కుర్రాళ్ళ గుంపు ఒకటి తగలడింది. ఫస్టాఫ్ అంతా వాళ్ళే, హీరో నడిస్తే ఈల, హీరో ఏడిస్తే నవ్వు, హీరో తల్లి దగ్గితే వీళ్ళూ దగ్గు. పని లేదా వీళ్ళకి, కాలేజీలు లేవా, మిట్టమధ్యాహ్నం ఆటకి ఎందుకు వస్తారు మనుషులు, అనుకుంది, తను ఎందుకొచ్చిందో గుర్తొచ్చి ఆ మాట అక్కడే మింగేసింది. పక్క సీట్లో నాన్న ఇస్త్రీ చొక్కా నలగకుండా నిటారుగా కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఖాళీ తెరని కూడా రెప్ప వేయకుండా చూస్తున్నాడు. స్కూలు బస్సు నడిపినన్నాళ్ళూ అలాగే కూర్చున్నాడు, రిటైరయ్యాక కూడా ఇంకోలా కూర్చోవడం రాలేదు ఆ మనిషికి. "అయిపోయిందా?" అన్నాడు. "సగమే నాన్నా. ఇంకా సగం ఉంది." "మరి వాడు?" "ఇప్పుడు మొదలవగానే ఒక పాట వస్తుందట. పాట అయ్యాక ఫైటు. అందులో." "ఎర్ర కోటు అన్నావు కదూ." "ఎర్ర కోటే. అద్దాల బిల్డింగ్ మీద నుంచి. హీరో అనుకుంటారు అందరూ, కానీ వెనక నుంచి చూపించేదంతా మనవాడే." నాన్న తలూపి మళ్ళీ తెరవైపు తిరిగాడు.

మనవాడు అంటే ఆమె తమ్ముడు. బంతి అని పిలిచేవాళ్ళు ఇంట్లో, చిన్నప్పుడు ఎక్కడ పడినా ఏడవకుండా లేచేవాడని. మంచం మీద నుంచి పడ్డాడు, గోడ మీద నుంచి పడ్డాడు, నాన్న బస్సు వెనక నిచ్చెన ఎక్కి అక్కణ్ణుంచీ పడ్డాడు, పడి లేచి, అక్కా చూశావా అనేవాడు. పెద్దయ్యాక కూడా పడటమే పని చేసుకున్నాడు వెధవ. హీరోల బట్టలు వేసుకుని హీరోల బదులు పడటం. మొదటిసారి ఆ సంగతి చెప్పిన రోజు నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయాడు. దెబ్బలు తగులుతాయని కాదు, అందుకైతే ఆమె ఏమీ అనుకునేది కాదు. "మొహం కనపడని పని ఏం పనిరా? దొంగలు చేస్తారు అలాంటివి" అన్నాడు. వాడు నవ్వేశాడు. తర్వాత ఎన్ని సినిమాల్లో దూకాడో, మంటల్లో కాలాడో, లారీ కింద దొర్లాడో, నాన్న ఒక్కటంటే ఒక్కటి చూడలేదు, నా కొడుకు మొహం లేని సినిమా నాకెందుకు అని ఒకటే పట్టు. అసలు వాడికైనా ఏ సినిమాలో చేశాడో సరిగ్గా తెలిస్తే కదా. పేరు పెట్టకముందే షూటింగులు, పిలిస్తే వెళ్ళడం, ఎవరి కొలత కోటు ఇస్తే అది తొడుక్కోవడం, ఆనక ఆర్నెల్లకో ఏడాదికో పోస్టరు చూసి, అక్కా ఇందులో నేనున్నాననుకుంటా అనేవాడు. అనుకుంటాడట! తను ఉన్నదీ లేనిదీ కూడా అనుకోవాల్సిన బతుకు.

అదే ఆమెకైతే సినిమా సంగతుల్లో తెలియనిది లేదు, లేదని ఆమె నమ్మకం. కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో కూర్చుని అద్దాలని ఫ్రేముకి సరిపడా అరగదీసి బిగించడం ఆమె పని, మిషన్ రొదలో రోజంతా నోరు మూసుకుని కూర్చోవడం వల్లనో ఏమో, టీ టైములో ఆ నోరు ఒక పట్టాన ఆగదు. ఏ సినిమా ఎందుకు వాయిదా పడింది, ఏ డైరెక్టరు ఎవరితో మాట్లాడటం మానేశాడు, హీరోయిన్ని ఎందుకు మార్చారు, టీజర్లో నీలం రంగు ఎందుకంత కొట్టారు, అన్నిటికీ ఆమె దగ్గర జవాబుంది. కౌంటర్లో నిలబడే అమ్మాయి పెట్టింది ఆ పేరు, రివ్యూ మేడం అని. చూసేది ఏడాదికి నాలుగు సినిమాలు, అవి కూడా మొదటి వారం గడిచి, టాక్ చల్లారి, జనం పల్చబడ్డాక. మిగతావన్నీ ఫోన్లో వచ్చే వార్తలు, వాటి మీద జనం వేసే జోకులు. సినిమా చూడటం కన్నా జోకులు చూడటమే నయం అనేది, టికెట్టు ఖర్చు లేదు, సెకండాఫ్ భరించక్కర్లేదు. ఏ సినిమా వచ్చినా ఒకటే తీర్పు, సెకండాఫ్‌కి కత్తెర పడాలి. చూడకుండా కూడా ఆ మాట అనేయొచ్చు, ఎప్పుడూ తప్పు కాదు.

లైట్లు ఆరాయి. సిగరెట్టు మానమని ఒక గొంతు, ఇళ్ళ స్థలాలు కొనమని ఒక గొంతు. నాన్న అవి కూడా శ్రద్ధగా వింటున్నాడు, ఏ మూల నుంచి కొడుకు వస్తాడో అన్నట్టు. దూకిన రోజు ఫోన్లో ఎంత హుషారుగా చెప్పాడు బంతి. "అక్కా, ఎర్ర కోటు వేశారే, లోపల దూది, ఎండలో ఉడికిపోయాననుకో." కింద పరుపులున్నాయట, నడుముకి తాడుందట, దూకగానే తాడు బిగుసుకుని మెల్లగా దింపాలట, అది బిగుసుకోలేదు. "గాల్లో ఉండగా తెలిసిపోయింది వదులుగా ఉందని. ఎడం చెయ్యి ఎత్తి తాడు కోసం అటూ ఇటూ తడిమాను, దొరకలేదు, పడ్డాను. పరుపు అంచు మీద పడ్డాలే. అయినా షాటు ఓకే అక్కా! డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. ఇంకోటి అడగలేదు." దెబ్బ తగిలిందా అంటే, డొక్కలో కొంచెం పట్టేసింది, పడుకుంటే పోతుంది అన్నాడు. పడుకున్నాడు. రెండో రోజుకి కడుపు ఉబ్బింది, ఆసుపత్రికి చేరేసరికి మాట లేదు, లోపల ఏదో పగిలి రక్తం నిండిపోయింది అన్నారు డాక్టర్లు, ముందే తీసుకురావాల్సింది అన్నారు. ముందే అంటే ఎప్పుడు, వాడు నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడా? పనిచేసిన చోట అడిగితే, ఆ రోజు నడుచుకుంటూ వెళ్ళాడండీ, మా షూటింగులో ఏం జరగలేదు అన్నారు. నడుచుకుంటూ వెళ్ళిన మాట నిజమే, దాన్ని కాదనడానికి లేదు. పోయిన వానల్లో పోయాడు. మళ్ళీ వానలు రాకముందే సినిమా వచ్చింది.

వచ్చిన మర్నాడే ఫోన్లో షాపు గ్రూపులో ఒక వీడియో ముక్క. ఎవడో హాల్లో తెర మీద నుంచి దొంగతనంగా తీసింది, మసిపట్టిన లాంతరు చిమ్నీలోంచి చూసినట్టు మసగ్గా ఉంది, ఎర్ర కోటు హీరో అద్దాల బిల్డింగ్ మీద నుంచి దూకాడు, అందరు హీరోల్లాగా రెండు చేతులూ చాచి గద్దలా రావాల్సింది పోయి, ఒక చెయ్యి గాల్లోకి లేపి పిచ్చిపిచ్చిగా ఊపుతూ వస్తున్నాడు. దానికి వెనకాల పకపకా నవ్వులు అతికించారు. డాన్సు రాని మామయ్యని పెళ్ళిలో స్టేజీ ఎక్కిస్తే, అని ఒకటి. లైబ్రరీలో దోమ కనపడితే, అని ఒకటి. కౌంటర్ అమ్మాయి కౌంటర్ మీదే వాలిపోయి నవ్వింది. ఆమె ఏం చేసింది? ఆమె కూడా నవ్వింది, అదీ మామూలుగా కాదు, కళ్ళలో నీళ్ళొచ్చేట్టు, చేతిలో అద్దం పక్కన పెట్టి మరీ. నవ్వి ఊరుకుంటే పోయేది. రివ్యూ మేడం అయిపోయె కదా, ఊరుకుంటే పరువేం కావాలి. సోమవారం పొద్దున డ్యూటీకి వస్తున్న నేను, అని పైన రాసి తిరిగి గ్రూపులో పడేసింది. అందరూ మెచ్చుకున్నారు. అందరికన్నా ఇదే బాగుంది మేడం అన్నాడు ఓనరు కూడా. సాయంత్రం బస్టాపులో నిలబడి ఇంకోసారి చూసుకుందామని తీసింది, తన జోకు తనకే ముద్దు కదా, అప్పుడు చూసింది ఎర్ర కోటుని. ఎడం చెయ్యిని. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది, ఇంకోటి కూడా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఫోన్లో సినిమా వార్త అన్నది తెరిస్తే ఒట్టు. అయినా షాపులో చెవిన పడుతూనే ఉంది. అంతా నేనే చేశాను, డూపు లేదు అని మొదట్లో డప్పు కొట్టుకున్న హీరో, ఈ గోల మొదలయ్యాక ఇంటర్వ్యూలో గొంతు బొంగురు చేసుకుని, ఆ షాటు కోసం ఎంత నొప్పి భరించానో మీకు తెలియదు, కష్టాన్ని ఎగతాళి చేయకండి అన్నాడట. పాపం కదా మేడం, మీరేమంటారు అని కౌంటర్ అమ్మాయి అడిగింది. ఆమె మిషన్ ఆన్ చేసింది.

పాట మొదలైంది. మంచు కొండల మధ్య, చలి లేనట్టు సన్న చీరలో హీరోయిన్. మామూలుగా అయితే ఈ పాటికి ఆమె లోపల ఒక వాక్యం తయారయ్యేది దీని మీద, ఇవాళ ఏ వాక్యమూ లేదు, వెనక వరస మీదే ధ్యాస. నవ్వుతారు. నవ్వకుండా ఎలా ఉంటారు, దేశమంతా నవ్వింది. వాడు చెయ్యి ఎత్తగానే ఈలలేసి నవ్వుతారు, నాన్న వెనక్కి తిరుగుతాడు, ఎందుకు నవ్వుతున్నారే అంటాడు. నాన్నకి ఫోనంటే ఎత్తడం, పెట్టెయ్యడం. ఈ జోకుల సంగతి ఆయన దాకా రాలేదు. ఎవరో ఒకరు చూపించేలోపు తనే చెప్పాలని, జోకుల మాట దాచి, బంతి చివర చేసింది ఈ సినిమాలోనే నాన్నా అని మాత్రం చెప్పింది. రెండ్రోజులు ఉలకలేదు పలకలేదు. మూడో రోజు చొక్కా గుండీలు పెట్టుకుంటూ, తీసుకెళ్తావా, అన్నాడు. మొహం కనపడదు నాన్నా అంది. "మొహం నాకు తెలుసులే" అన్నాడు. ఆ మాటకి అప్పుడే లేచి వెళ్ళాల్సింది. ఇప్పుడు జనం ఎక్కువ నాన్నా, వారం ఆగుదాం అంది. వారం ఆగింది, ఇంకో వారం ఆగింది, నవ్వేవాళ్ళు పల్చబడాలని, హాలు ఖాళీ అవ్వాలని. తన పద్ధతే కదా అది ఎప్పుడూ. నవ్వకండ్రా బాబూ, మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్క నిమిషం నోరు మూసుకోండి, కావాలంటే మిగతా సినిమా అంతా నవ్వుకోండి. లేచి వెనక్కి వెళ్ళి చెబితేనో, బాబూ మా తమ్ముడు అని? నమ్ముతారా? దాన్ని కూడా జోకనుకుంటారు. పాట రెండో చరణంలోకి వచ్చింది. నాన్న చేతులు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాయి. ఆయన చేతి మీద చెయ్యి వేద్దామనుకుంది, అలా వేసే అలవాటు వాళ్ళింట్లో లేదు, సీటు చెయ్యిని గట్టిగా పట్టుకుంది.

పాట అయిపోయింది. తెర నల్లబడి తెల్లబడింది. ఆసుపత్రి గది, మంచం మీద హీరో, తలకి కట్టు, చేతికి కట్టు, పక్కన హీరోయిన్ ఏడుస్తోంది, నీకెన్నిసార్లు చెప్పాను వాళ్ళ జోలికి వెళ్ళొద్దని. ఆమెకి అర్థం కాలేదు. దెబ్బలు ముందొచ్చి ఫైటు వెనకొస్తుందేమో, ఈ మధ్య కథలు అలాగే తిప్పి చెబుతున్నారుగా, జరిగింది గుర్తు చేసుకుంటాడు కాబోలు అనుకుంది. హీరో ఏమీ గుర్తు చేసుకోలేదు. కట్లతోనే లేచి ఎవరికో ఫోన్ చేశాడు. వెనక వరసలో ఒకడు గట్టిగా అరిచాడు. "రేయ్, లేపేశార్రా!" "ఏది?" "అదేరా, చెయ్యూపుడు! ఇవాళ్టి నుంచి నిడివి తగ్గించిన సినిమా అని పొద్దున ఫోన్లో వేశారు, చూడలేదా? జనం ఎగతాళి చేస్తున్నారని ఆ ఫైటంతా పీకేశారు." "ఛీ, దానికోసమే కదరా వచ్చింది!" "పద పోదాం, ఇంకేముంది ఇందులో." సీట్లు టపటపా మూసుకున్నాయి, తలుపు తెరుచుకుంది, బయటి వెలుతురు ఒక్క క్షణం నాన్న మొహం మీద పడి పోయింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె కోరుకున్నట్టే హాలు ఖాళీ అయింది, నవ్వేవాడు ఒక్కడు లేడు. రండ్రా, వెనక్కి రండి, మీ ఇష్టమొచ్చినట్టు నవ్వండి, కుర్చీలెక్కి నవ్వండి, మీరు నవ్వినంతసేపైనా వాడు ఆ తెర మీద ఉండేవాడు కదరా. వారం ముందు వచ్చుంటే ఉండేవాడు. నిన్న వచ్చినా ఉండేవాడు.

"వచ్చేస్తాడా?" అన్నాడు నాన్న. ఆయన పాటికాయన కట్లు కట్టుకున్న హీరోనే చూస్తున్నాడు. ఆ కుర్రాళ్ళ మాటలు ఆయన చెవిన పడ్డాయో లేదో, పడ్డా ఏం అర్థమవుతాయి. "వస్తాడు నాన్నా, ఆగండి" అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. ఆ తర్వాత సినిమా ఎలా నడిచిందో కూడా తెలియదు. హీరో తల్లి చచ్చిపోయింది, విలన్ ఉపన్యాసం చెప్పాడు, చివరి ఫైటు వచ్చింది, గోదాములో పెట్టెల మీద నుంచి నల్ల చొక్కా మనిషి ఒకడు వీపు చూపిస్తూ దూకాడు, నాన్న సీటు అంచుకి జరిగాడు. "వీడా?" అంత ఆశగా ఏదీ అడగలేదు ఆయన పుట్టి బుద్ధెరిగాక. అవును నాన్నా అంటే సరిపోతుంది. ఎర్ర కోటు మార్చి నల్ల చొక్కా ఇచ్చారు నాన్నా, బాగా చూడండి, ఎంత బాగా దూకాడో చూడండి. ఎవరికి నష్టం? ఇంటికెళ్ళి తృప్తిగా నిద్రపోతాడు. ఆ దూకినవాడు కూడా ఎవరింటి కొడుకో, వాడి నాన్నకి కూడా వాడి వీపే దక్కుతుంది. నోటి దాకా వచ్చింది. నాన్న ఆమెని చూడట్లేదు, తెర మీద ఆ వీపునే చూస్తున్నాడు, చూసి, ఆమె ఏదీ చెప్పకముందే మెల్లగా వెనక్కి వాలాడు. "కాదులే. వీడి భుజాలు వేరు" అన్నాడు.

పేర్లు పడటం మొదలైంది. చీపురు పట్టుకుని ఊడ్చేమనిషి పక్క తలుపులోంచి వచ్చి నిలబడింది. నాన్న లేవలేదు. పైకి పోతున్న పేర్లని పెదాలు కదుపుతూ చదువుతున్నాడు, లైట్లవాళ్ళు, వంటవాళ్ళు, డ్రైవర్లు, ఎక్కడో ఒకచోట ఉంటాడనుకుని కాబోలు. తెర తెల్లబడింది.

"లేడేమే?" అన్నాడు.

"ఆ ఫైటే తీసేశారు నాన్నా. ఇవాళే తీసేశారు. నిన్నటి దాకా ఉందట." "నేనే ఆగుదామన్నాను."

నాన్న ఖాళీ తెర వైపే తిరిగాడు. తిట్టినా బాగుండేది. ఊడ్చేమనిషి వాళ్ళ వరస వదిలేసి అవతలి వరస మొదలుపెట్టింది. ఆమె ఫోను తీసింది, షాపు గ్రూపులో వేలితో వెనక్కి వెనక్కి వెళ్ళింది, లెన్సులు, సెలవులు, పుట్టినరోజు కేకు, ఇంకా వెనక్కి, అక్కడుంది. వేరే ఎక్కడ వెతకాలో ఆమెకి తోచలేదు. సోమవారం పొద్దున డ్యూటీకి వస్తున్న నేను. కింద వరసగా నవ్వే బొమ్మలు. నాన్న కళ్ళజోడు సర్దుకుని ఫోను అందుకున్నాడు. ఆ జోడు అద్దాలు బిగించింది ఆమే, బాగానే కనపడతాయి ఆయనకి అక్షరాలు. చదివాడు.

"నువ్వు పంపిందా ఇది?"

"తెలియక నాన్నా. వాడని తెలియక."

ఆమె మొహంలోకి చూశాడు. "సరే, పెట్టు" అన్నాడు.

నొక్కింది. ఖాళీ హాల్లో ఆ నవ్వులు ఎంత గట్టిగా మోగాయంటే ఊడ్చేమనిషి కూడా తలెత్తి చూసింది. ఆమె గబగబా సౌండు తగ్గించబోయింది, నాన్న ఆమె చెయ్యి పక్కకి తోసేశాడు. ఎర్ర కోటు అద్దాల బిల్డింగ్ మీద నుంచి వస్తోంది, చెయ్యి లేచింది, నేల తగలకముందే ముక్క అయిపోయి మళ్ళీ పైనుంచి మొదలైంది. మళ్ళీ లేచింది చెయ్యి. మళ్ళీ నవ్వులు. నాన్న నవ్వులు వింటున్నట్టు లేడు. ఫోనుని ముక్కు దాకా తెచ్చుకున్నాడు.

"ఊపడం కాదే అది" అన్నాడు. "దేనికోసమో వెతుక్కుంటున్నాడు వీడు."

"తాడు నాన్నా. నడుముకి తాడు కట్టారు. అది వదులైంది."

"ఏదీ తాడు?"

"కనపడదు నాన్నా. తర్వాత కంప్యూటర్లో చెరిపేస్తారు. సినిమాలో తాడు కనపడకూడదు కదా."

నాన్న బొటనవేలు ఫోను అద్దం మీద పెట్టాడు, ఎర్ర కోటు నడుం దగ్గర, పైకి, ఆ చెయ్యి తడుముతున్న వైపుకి మెల్లగా జరిపాడు. వేలు తగిలి బొమ్మ ఆగిపోయింది, నవ్వులూ ఆగాయి. ఆయన వేలు తియ్యలేదు.